కుప్పమ్మ పెట్టిన వాటం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేను దాచుకోను, దాచినా మా వీధిలో దాగదు. గేటు దగ్గర నా గొంతు వినబడితే పాలవాడు ప్యాకెట్లు గోడ మీద పెట్టి అటునుంచి అటే వెళ్ళిపోతాడు. అలాంటి నేను పొద్దున దీపం పెట్టి మొదట కొండ మీది స్వామికి, తర్వాత ఒక తాపీ మేస్త్రికి దండం పెట్టుకుంటాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఆ మేస్త్రి పేరు కుప్పమ్మ. మేస్త్రి పెళ్ళాం కాదు, తానే మేస్త్రి. పాత ఇళ్ళల్లో మురుగు గొట్టాలు సరిచేయడం ఆమె పని. ఆమె వల్ల నాకేం దక్కిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సిగ్గుమాలిన సంగతి చెప్పుకోవాలి.

తిరుపతిలో మాది అరవై ఏళ్ళు దాటిన ఇల్లు. తూర్పు ముఖం. ముందు బండలు పరిచిన ముంగిలి, వెనక ఒక గది, దాన్ని ఆనుకొని బాత్రూము, లెట్రిను. కొండ మాకు ఉత్తరాన ఉంది కాబట్టి మా వీధి ఉత్తరం వైపు మిట్ట, దక్షిణం వైపు పల్లం. మా మామగారి కాలంలో ఇంటి మురుగంతా ఆగ్నేయం మూలగా పోయి, పల్లంలో ఉన్న వీధి డ్రైనేజీలో కలిసేది. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేదు.

ఆ తర్వాత మా ఆయన రామచంద్రకు పాత్రల దుకాణంలో బేరాలు తగ్గాయి. మా అమ్మాయి లోహితకు సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతున్నాయి. ఎవరో చెబితే మా ఆయన ఒక వాస్తు పండితుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన ఇల్లంతా తిరిగి, "నీళ్ళు ఈశాన్యానికి పోవాల సామీ. మీ ఇంటి లక్ష్మి దక్షిణానికి కారిపోతా ఉండాది" అన్నాడు. అంతే! బాత్రూము గొట్టం, వంటింటి గొట్టం, మిద్దె మీది వాన గొట్టం అన్నీ ఒకటిగా కలిపి ఈశాన్యం మూలకు తిప్పించాడు మా ఆయన. నీరు పల్లమెరుగు అని బడిలో చదువుకున్న మనిషి నీళ్ళను మిట్టకెక్కించాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కానీ మూడు నెలలు తిరక్కుండానే లోహితకు చిత్తూరు సంబంధం కుదిరింది. ఇంక ఆయన్ను పట్టుకోగలమా? "సూస్తివా, నీళ్ళు తిరిగినాయి, పెండ్లి కుదిరింది" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పెళ్ళి కుదిరింది గానీ మురుగు కుదరలేదు. వాన గట్టిగా పడితే చాలు, లెట్రినులో గుడగుడమని చప్పుడు. ఆ వెనకే బాత్రూము కన్నంలోంచి నల్లటి నీళ్ళు. ఒక కార్తీకంలో అవి వెనక గదిలోకి వచ్చి మంచం కోళ్ళను తడిపాయి. నా ఖర్మ కాకపోతే, మా వియ్యపురాలు జ్ఞానాంబ చిత్తూరు నుంచి వచ్చి ఆ రోజే ఆ మంచం మీద కునుకు తీస్తోంది. లేచి కాలు కింద పెట్టింది. ఇంక చెప్పేదేముంది!

నిరుడు లోహిత నీళ్ళోసుకుంది. ఐదో నెలలో జ్ఞానాంబ నాకు ఫోన్ చేసింది.

"వదినా, ఏమీ అనుకోవద్దు. పురుడు మేమే పోసుకుంటాం. కార్తీకంలో నెలలు నిండతాయి. వానొస్తే మీ ఇల్లు ఎట్లుంటాదో నేను కండ్లారా సూసినాను. పసిబిడ్డను ఆ మురుగులో యాడ పెట్టుకుంటారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తొలి కాన్పు పుట్టింటివాళ్ళ హక్కు. నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచాను. ఆఖరికి ఫోను పెట్టేశాను. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు, నా మంటంతా అదే.

సాయంత్రం లోహిత ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, నాకు భయంగా ఉండాది. నేను నీ దగ్గరికే వస్తా. ఎట్లయినా చేసి ఆ బాత్రూము బాగు చేయించమ్మా." ఒక్కగానొక్క కూతురు. "నువ్వు రా, నేను సూసుకుంటా" అని చెప్పాను గానీ, ఎట్లా చూసుకోవాలో నాకేం తెలుసు?

ఒకడొచ్చి యాసిడ్ పోసి పోయాడు. ఇంకొకడు వెదురుబద్ద పెట్టి గొట్టమంతా పొడిచాడు. ఆషాఢంలో చిన్న వాన పడిందో లేదో మళ్ళీ అదే గుడగుడ. మాకు పూలు తెచ్చే రేవతి నా అరుపులు విని, "మా వీధిలో కుప్పమ్మని ఒకామె ఉండాదక్కా, పంపిస్తా" అంది.

మర్నాడు పొద్దున గేటు చప్పుడైంది. చూస్తే అరవై ఏళ్ళ మనిషి, ఎండుమిరపకాయలా ఉంది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు, భుజాన గోతాం సంచి.

"మేస్త్రి యాడ?" అన్నాను.

"నేనే అమ్మా."

"నువ్వా! ఈ పనికి ఇద్దరు మగోళ్ళొచ్చి సేతగాక పోయినారు."

"మురుక్కి ఆడామగా తెలవదు లేమ్మా. ఒక అద్దం, రవ్వంత పసుపు, బకెట్టు నీళ్ళు ఇయ్యి."

అద్దం, పసుపు అనేసరికి ఇదేదో మంత్రాలామె అనుకొని రేవతిని మనసులోనే తిట్టాను. కుప్పమ్మ మాత్రం బకెట్టులో పసుపు కలిపి, "నేను కేకేసినప్పుడు బాత్రూములో పొయ్యి" అని చెప్పి, ఈశాన్యం మూల మురుగు చాంబరు మూత తీసి గుంత పక్కన గొంతుక్కూర్చుంది. కేక వేసింది. నేను పోశాను. ఆమె "గోవిందా, గోవిందా" అని వేళ్ళ మీద లెక్కపెట్టసాగింది. ఎంతకీ ఆపదు. నేను ముందుకొచ్చి, "ఏమ్మా, భజనా?" అన్నాను.

"భజన గాదు, లెక్క. ఇంత పొడుగు గొట్టానికి ఇరవై గోవిందలకు పసుపు నీళ్ళు ఈడికి రావాల. ఎనభై అయిపోయినాయి, రాలా. నడిమద్దె కూసోని ఉండాయి."

తర్వాత అద్దాన్ని ఎండకు తిప్పి ఆ వెలుతురును గొట్టంలోకి కొట్టింది. నన్నూ వంగి చూడమంది. లోపల సగం దాకా నీళ్ళు నిలబడి మెరుస్తున్నాయి. సంచిలోంచి నీళ్ళు నింపిన సన్నటి ట్యూబు తీసి బాత్రూము దగ్గర ఒక కొస, చాంబరు దగ్గర ఒక కొస పెట్టి మట్టం చూసింది. అంతలో మా ఆయన భోజనానికి వచ్చాడు.

"ఈ గొట్టాన్ని మిట్టకెక్కించిన మహానుభావుడెవురు సామీ?" అని అడిగింది కుప్పమ్మ.

మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"దీనికి వాటం లేదు" అంది ఆమె. నీళ్ళు తమంతట తాము జారిపోయే ఏటవాలును వాళ్ళు వాటమంటారు. "అది ఒక తప్పు. మిద్దె మీది వాన నీళ్ళు కూడా మురుగులోనే పడతా ఉండాయి, అది రెండో తప్పు. పెద్ద వానకు వీధి గొట్టం నిండితే ఆ నీళ్ళు యాడికి పోవాల? పల్లం యాడుంటే ఆడికి. ఈ ఇంట్లో అన్నిటికన్నా పల్లం మీ బాత్రూమే. పాత దారికే తిప్పాల సామీ, ఆగ్నేయానికి."

"వాస్తు ఒప్పుకోదు" అన్నాడు మా ఆయన.

"ఈశాన్యం దేవుడి మూల గదా సామీ? పూజగది పెట్టుకునే మూలకు లెట్రిను నీళ్ళు తోలినారే, అది ఏ శాస్త్రం? వాన నీళ్ళు, ముంగిలి కడిగిన నీళ్ళు ఈశాన్యానికి పోనీండి, నేను వద్దన్లా. మురుగును మాత్రం పల్లానికి వదలండి. నీళ్ళకు వాస్తు తెలవదు, వాటమే తెలుసు."

మా ఆయన ఆఖరి మాట తీశాడు. "సరే. కానీ ఇంటి ఆడబిడ్డ కడుపుతో ఉండంగా ఇల్లు తవ్వకూడదు."

ఈసారి నేనూ ఆయన పక్షమే. అది మా అమ్మ, అమ్మమ్మ అందరూ పాటించిన కట్టుబాటు. కడుపుతో ఉన్న బిడ్డ విషయంలో నాకు మాత్రం ధైర్యం ఎక్కడిది? తవ్వకపోతే లోహిత రాదు, తవ్వితే బిడ్డకు ఏమవుతుందో అని భయం. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

కుప్పమ్మ తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. "పాప ఇప్పుడు యాడుండాది?"

"చిత్తూరులో, అత్తగారింట్లో."

"పెండ్లిలో గోత్రం మార్చి ఇచ్చేసినారు గదా?"

"ఇచ్చేసినాం."

"అంటే ఆ కట్టుబాటు చిత్తూరోళ్ళ ఇంటికి. వాళ్ళు తవ్వకూడదు. మీకేమి? పాప ఈ గడప తొక్కేలోపల నేను తవ్వి, పూడ్చి, బండలు పరిచి ఇస్తా."

నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం. ఆయన చెప్పులు వేసుకొని మా పురోహితుడి దగ్గరికి పరుగెత్తాడు. అరగంటకు తిరిగొచ్చి, "అయ్యవారు కూడా నిజమే అన్నారు" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు అంత ముద్దుగా ఎప్పుడూ కనిపించలేదు.

పని ఆరు రోజులు పట్టింది. కుప్పమ్మ తనతో ఇద్దరు ఆడకూలీలను తెచ్చుకుంది. పాత దారిలోని మట్టిగొట్టాలు కొన్నిచోట్ల వేపచెట్టు వేళ్ళు దూరి పగిలిపోయి ఉన్నాయి. వాటిని తీసి కొత్త పైపులు వేసింది. ప్రతి మూరకూ ట్యూబు పెట్టి మట్టం చూసేది. "వాటం తక్కువైతే నీళ్ళు నిలిచిపోతాయి, మరీ ఎక్కువైతే నీళ్ళు ముందు పరుగెత్తి చెత్తను ఎనక వదిలేస్తాయి. సంసారం మాదిరి, జోడుగా నడిపించాల" అనేది. వాన గొట్టాన్ని విడదీసి ముంగిట్లోంచి వీధి కాలువకు వదిలింది. ఆగ్నేయం మూల గేటు లోపల కొత్త చాంబరు కట్టి, అందులో గొట్టానికి ఒక తలుపు బిగించింది. లోపలి నీళ్ళు తోస్తే అది తెరుచుకుంటుంది, బయటి నీళ్ళు తోస్తే మూసుకుంటుంది.

మధ్యాహ్నాలు వరండాలో కూర్చొని రాగిసంగటి తినేటప్పుడు తన సంగతులు చెప్పేది. ఆమెది పూతలపట్టు పక్క పల్లె. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయారట. ఈమె పుట్టగానే చాటలో పెట్టి కుప్ప మీద పారేసినట్టు పారేసి, మళ్ళీ ఎత్తుకొచ్చి కుప్పమ్మని పేరు పెట్టారట. "చెత్తే గదా అని యముడు వదిలేసినాడమ్మా" అని నవ్వింది. పద్నాలుగేళ్ళకే డ్రైనేజీ గుంతల్లో మట్టి మోసింది. గొట్టాలు పరిచే ఆదిమూలం ఆ పనిలోనే పరిచయమయ్యాడు, పెళ్ళి చేసుకుంది.

"మరి ఆయన పనికి రాలేదే?" అన్నాను.

సంగటి ముద్ద పక్కన పెట్టి చెప్పింది. ఒక కంట్రాక్టరు మాట విని ఆదిమూలం వీధి గుంతలోకి దిగాడట. లోపలి గాలికి స్పృహ తప్పితే తాడేసి లాగారు. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇప్పుడు ఇంటి పట్టునే ఉండి, ఆమె వచ్చేసరికి అన్నం వండి పెడతాడు.

"అప్పుటి నుంచి నేను ఇండ్ల గొట్టాలే పట్టుకున్యా. ఇండ్లల్లో నూనె, మెతుకులు, వెంట్రుకలు, వాన నీళ్ళు అన్నీ మురుగులోకి తోలకుండా ఉంటే వీధి గొట్టం ఊరికే మూసుకోదు. మూసుకోకపోతే ఎవురూ దిగే పని లేదు. నువ్వు కూడా నూనె చట్టి కాగితంతో తుడిచినాకే కడుగమ్మా."

వేరే ఎవరైనా నా వంటింట్లో నాకు బుద్ధులు చెప్పి ఉంటే కడిగేసేదాన్ని. ఆ రోజు తల ఊపి ఊరుకున్నాను. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పింది కుప్పమ్మ. వీధి గొట్టం పొంగినప్పుడు తలుపు మూసుకొని ఉంటుంది, అప్పుడు లోపల పోసిన నీళ్ళకు కూడా దారి ఉండదు. ఆ కాసేపు బాత్రూములో నీళ్ళు పోయొద్దంది. సరే సరే అన్నాను, మరిచిపోయాను.

జ్ఞానాంబ ఊరికే ఒప్పుకోలేదు. మా ఆయన చిత్తూరు వెళ్ళి, తవ్వినప్పటి నుంచి పూడ్చినదాకా ఫోనులో తీసిన ఫోటోలన్నీ చూపించి, పెద్దగొంతుతో వాటం గురించి ఉపన్యాసమిచ్చి వచ్చాడు. "సరే, పంపిస్తా. మళ్ళీ ఒక్కసారి నీళ్ళు పైకొచ్చినాయంటే మాత్రం ఆ గంటకే కారు పంపి తల్లీబిడ్డను తెచ్చుకుంటా" అంది ఆమె. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

లోహిత తొమ్మిదో నెలలో వచ్చింది. కార్తీకంలో ఆసుపత్రిలో ఆడబిడ్డను కని, అయిదో రోజున వెనక గదిలోకి చేరింది. ఎనిమిదో రోజు వాన మొదలైంది. అదేం వానో! పులికాట్ వైపు వాయుగుండమట. మూడు రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. నేను గంటకోసారి బాత్రూము కన్నం దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని. లోహిత మంచం మీంచి, "అమ్మా, వచ్చినాయా?" అని అడిగేది. "రాలేదు, పడుకో" అనేదాన్ని.

బిడ్డ పుట్టిన పదకొండో రోజు రానే వచ్చింది. పురుడు తీరే రోజు. తల్లికీ బిడ్డకూ తలస్నానం, ఇల్లంతా కడగడం, ఆ రోజు తప్పించుకునేవి కావు. నీళ్ళు పోయడానికి వచ్చే ఆమె తమ వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళని, రాలేనని ఫోన్ చేసింది. సరే, నేనే పోస్తానని రెండు అండాల నీళ్ళు కాచి, కొంగు బిగించి, మొదటి బకెట్టు బాత్రూములో పెట్టాను. గేటు దబదబా కొట్టిన చప్పుడు. నెత్తిన యూరియా సంచి కప్పుకొని, నిలువునా తడిసి కుప్పమ్మ.

"ఆగమ్మా! ఒక్క చెంబు కూడా ఆడ పోయొద్దు. వీధి మూతలు పొంగతా ఉండాయి, తలుపు మూసుకోని ఉండాది. పోస్తే మీ నీళ్ళే మీ గదిలోకొస్తాయి."

తాను తలుపులు బిగించిన ఇళ్ళన్నీ ఆ వానలో ఒక్కొక్కటిగా చూసుకుంటూ వస్తోంది. ఇంకొక్క నిమిషమైతే నా చేతులతో నేనే ఆ గదిని ముంచేదాన్ని. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆమె మీదే అరిచాను.

"పదకొండో రోజు స్నానం ఆపమంటావా?"

"స్నానం ఆపమన్లా తల్లీ. ఆడ పోయొద్దన్యా. ముంగిట్లో పోద్దాం. ఈ నీళ్ళు వాన నీళ్ళతో వీధిలోకి పోతాయి, మురుగుతో పనే లేదు."

మా ఆయన దుకాణం టార్పాలిన్ తెచ్చి వరండా కమ్మీల నుంచి గేటు స్తంభాల దాకా కట్టాడు. చుట్టూ చీరలు కట్టాం. "ఇంక లోపలికి పోండి" అని నేనంటే ఆయన తడి బట్టలతోనే పోయి తలుపేసుకున్నాడు. లోహితను పీట మీద కూర్చోబెట్టి నేను నీళ్ళు పోశాను. బిడ్డను కాళ్ళ మీద వేసుకొని పోయాలంటే నా మోకాళ్ళు వంగవు.

"కుప్పమ్మా, నువ్వు కూసో" అన్నాను.

ఆమె వెనక్కి జరిగింది. "నా సేతులు మురుగులో పెట్టే సేతులమ్మా. పసిబిడ్డ."

"నోర్ముయ్యి! ఆ సేతులు మురుగులో పెట్టబట్టే గదా నా బిడ్డ ఈడ ఉండాది? లోపల పొడి చీర ఉండాది, కట్టుకో. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోని రా."

ఆమె లోపలికి వెళ్ళింది. నా చీర కట్టుకొని వచ్చి, కాళ్ళు చాపి కూర్చొని, బిడ్డను పిక్కల మీద బోర్లా పడుకోబెట్టుకుంది. ట్యూబు పట్టి మట్టం చూసే చెయ్యి, నీళ్ళ వేడిని ముంజేతి మీద చూసి, బిడ్డ వీపు మీద మెల్లగా పోసింది. బిడ్డ ఏడవలేదు.

సరిగ్గా అప్పుడే జ్ఞానాంబ వీడియో కాల్ చేసింది. వానకు రాలేకపోయింది పాపం, మనవరాలి స్నానం చూడాలని ఆరాటం. మొహం తెర మీదకు రాగానే మొదటి ప్రశ్న, "వదినా, మీ ఇంట్లో నీళ్ళు పైకి రాలేదా?"

ఈ ప్రశ్నకు ఏం జవాబివ్వాలో నేను నెలల తరబడి మాటలు పేర్చుకొని ఉన్నాను. వెటకారాలు, సామెతలు, అన్నీ నోటి చివర సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. నా కూతురు నా ముంగిట్లో తల తుడుచుకుంటోంది, నా మనవరాలు చేతులాడిస్తోంది, లోపల గది ఎండిన నేలతో ఉంది.

"రాలేదు వదినా" అన్నాను, ఏడుస్తూ. "ఎందుకు రాలేదో ఈ మహాతల్లిని అడుగు. ఈమె పుణ్యమే" అని ఫోనును కుప్పమ్మ వైపు తిప్పాను.

కుప్పమ్మ ఫోను వైపు తల కూడా ఎత్తలేదు. "అది పక్కన పెట్టి ఆ తువ్వాలు ఇయ్యమ్మా. బిడ్డకు సలి పెడతా ఉండాది" అంది.

ఇచ్చాను.